చివరి ఐదు నిమిషాలు: గూగుల్ ఫారం, వాయిస్ రికార్డర్ నాలుగేళ్లు వాడాక

ఏడో తరగతికి లెక్కలు చెబుతాను. పీరియడ్ చివర "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "అయింది సార్" అంటుంది. ఆ "అయింది" మీద నమ్మకం పోయి నాలుగేళ్ల కిందట, పీరియడ్ చివరి ఐదు నిమిషాల్లో పిల్లలు నింపేలా గూగుల్ ఫారం (ఆన్‌లైన్ ప్రశ్నల పత్రం) మొదలుపెట్టాను. మార్కుల కోసం కాదు. ఇవాళ తన బుర్ర ఎలా నడిచింది, ఎక్కడ ఆగింది అని ఎవరికి వాళ్లు వెనక్కి తిరిగి చూసుకోవాలని.

మొదటి ఏడాది దాదాపు వృథా. "ఈరోజు ఏం నేర్చుకున్నావు?" అని అడిగాను. అందరూ పాఠం పేరు రాశారు. ఇలా కాదని, కనీసం 100 అక్షరాలు రాస్తేనే ఫారం తీసుకునేలా సెట్టింగ్ పెట్టాను. మర్నాడు ఒక జవాబు: "బాగుంది బాగుంది బాగుంది బాగుంది..." వంద దాటగానే ఠక్కున ఆగింది. వారం తిరిగేసరికి వెనక బెంచీలన్నీ ఆ విద్య నేర్చేసుకున్నాయి. తప్పు ఫారానిది కాదు, నా ప్రశ్నది. హద్దు తీసేసి, "ఈరోజు ఏ మెట్టు దగ్గర ఆగావు? అప్పుడేం చేశావు?" అని మార్చాను. జవాబులు చిన్నవయ్యాయి గానీ సరుకు వచ్చింది. "బ్రాకెట్ ముందు మైనస్ ఉన్నప్పుడు. పక్కవాడిది చూశా."

ఫారంలో నాకు బాగా పనికొచ్చింది దాని వెనకుండే షీట్. ప్రతి జవాబూ తేదీ, సమయంతో వచ్చి చేరుతుంది. పేరు పెట్టి ఫిల్టర్ చేస్తే ఒక పిల్లాడు ఏడాదంతా ఎక్కడెక్కడ తట్టుకున్నాడో వరసగా కనిపిస్తుంది. పేర్లు లేకుండా కూడా పెట్టి చూశాను. అప్పుడు "మీరు బోర్డు త్వరగా తుడిచేస్తారు" లాంటి నిజాలు బయటపడ్డాయి. కానీ ఎవరికి బదులివ్వాలో తెలియలేదు. బదులు రాకపోతే పిల్లలు రెండు వారాల్లో రాయడం మానేస్తారు. అందుకే ఇప్పుడు పేర్లతోనే నడుపుతున్నాను, నెలకోసారి మాత్రం పేర్లు లేకుండా.

అసలు మలుపు వాయిస్ రికార్డర్. ట్యాబ్‌లో ముందే ఉండేదే, కొత్తగా ఏ యాప్ వేయలేదు. రాయడానికి బద్ధకించే పిల్లల కోసం తెచ్చాను. ఒకమ్మాయి రికార్డింగ్ ఇప్పటికీ దాచుకున్నాను. మొదటి పది సెకన్లు ఏమీ లేదు, ఫ్యాన్ చప్పుడే. తర్వాత మెల్లగా: "1/2, 1/3 కలిపితే 2/5 అని రాశా సార్... 2/5 అంటే సగం కంటే తక్కువ కదా... సగానికి ఇంకొంచెం కలిపితే తగ్గడమేంటి?" అక్కడ ఆగిపోయింది. 5/6 ఎలా వస్తుందో నేను ఆ పూట బోర్డు మీద మూడుసార్లు చేసి చూపించాను. ఆ మూడుసార్లలో పుట్టని ప్రశ్న ఈ పది సెకన్ల మౌనంలో పుట్టింది.

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయనీ, "తెలీదు" అనేవాళ్లు తగ్గుతారనీ అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. ట్రైనింగ్‌లో విని తలూపినవాణ్ణే. క్లాసులో మాత్రం ఆగలేను, సిలబస్ వెనక నుంచి తోస్తుంటుంది. రికార్డర్‌లోని ఎర్ర బటన్‌కు సిలబస్ లేదు.

ఇక ఇబ్బందులు. ముప్పై ఎనిమిది మంది తలా నిమిషం మాట్లాడితే వినడానికే ఒక పీరియడ్ పోతుంది. అందుకని రోజుకు ఆరుగురే, వంతులవారీగా. విననక్కర్లేకుండా వాయిస్ టైపింగ్ పెడదామనుకుంటే అది "కసాగు"ను (కనిష్ఠ సామాన్య గుణిజం, LCM) "కొనసాగు" చేసింది. ఒక వీడియో యాప్ కూడా వాడాను. పిల్లలు లెక్క వదిలేసి జుట్టు సర్దుకోవడంలో పడ్డారు. కొన్నాళ్లకు ఆ యాపే మూతపడింది, డౌన్‌లోడ్ చేసుకున్నవి తప్ప మిగతావన్నీ పోయాయి. అప్పటి నుంచి ఫైళ్లు నా ఫోల్డర్లోనే ఉంచుతున్నాను. ఆ ఫోల్డర్‌ను ఒకసారి క్లాసంతటికీ తెరిచి ఉంచేశాను. ఒక పిల్లాడు నాకొక్కడికే చెప్పుకున్న మాట ఇంకొకడు విన్నాడు. సెట్టింగ్ మార్చడానికి అరనిమిషం పట్టింది. ఆ పిల్లాడు మళ్లీ నోరు విప్పడానికి రెండు నెలలు.

ఈ ఏడాది కొత్త తలనొప్పి: ఫారంలో "ఈ పాఠం నా ఆలోచనా పరిధిని విస్తృతం చేసింది" అని వస్తోంది. పన్నెండేళ్లవాడు అలా మాట్లాడడు, అడిగితే జవాబు రాసిపెట్టే ఏఐ చాట్ యాప్ మాట్లాడుతుంది. కోప్పడలేదు. "దీన్నే నీ మాటల్లో రికార్డు చెయ్" అని ట్యాబ్ ఇస్తున్నాను.

ఫారం ఒక్కటే అయితే ఐదుకు మూడిస్తాను, రికార్డర్‌తో కలిపి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, ఆదివారాలు చెవిలో ఇయర్‌ఫోన్ తీయడం కుదరడం లేదు. ఏడాది చివర ఎవరి మొదటి రికార్డింగ్ వాళ్లకు వినిపిస్తాను. మొన్న ఒకడు తన పాత లెక్కలో తప్పు టక్కున పట్టేసి, తర్వాత అనుమానంగా చూసి అడిగాడు: "ఈ సన్న గొంతు ఎవరిది సార్?"