పాస్ శాతమా, ప్రగతి లెక్కా? విశాఖ బడులను దేనితో కొలిస్తే మేలు?

2019లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పాస్ శాతం 94.88. తర్వాత రెండేళ్లు కోవిడ్ వల్ల పరీక్షలే లేవు, అందరినీ పాస్ చేశారు. 2022లో అది 67.26. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ ఆరేళ్లూ బడులు అవే, టీచర్లు దాదాపు వాళ్లే. చదువు ఒక్కసారిగా ఇరవై ఏడు పాయింట్లకు పైగా పడిపోయి, రెండేళ్లలో మళ్లీ పంతొమ్మిది పాయింట్లు లేచిందంటే నమ్మడం కష్టం. కోవిడ్ దెబ్బ నిజమే, చిన్నది కూడా కాదు. కానీ ఆ మధ్యలో పేపర్ల సంఖ్య మారింది, ప్రశ్నల తీరు మారింది. అంటే ఈ అంకె సగం పిల్లల చదువు గురించి, సగం పరీక్ష గురించి చెబుతోంది. అయినా బడి మంచీ చెడూ తేల్చుకోవడానికి తల్లిదండ్రుల చేతిలో ఉన్నది ఇదొక్కటే.

విశాఖలో పిల్లను ఏ బడిలో వేయాలన్నది ఇంటి బడ్జెట్‌ను తలకిందులు చేసే నిర్ణయం. గాజువాకలో కాంట్రాక్టు పని చేసుకునే కుటుంబం కూడా ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి అప్పు చేసైనా కడుతుంది. అంత డబ్బు పెట్టేముందు వాళ్లు చూడగలిగేది ఒక ఫ్లెక్సీ, వినగలిగేది ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ల మాట. బడి పనితీరును కొలిచి జనానికి చెప్పే దారులు ప్రస్తుతం నాలుగు కనిపిస్తున్నాయి: పదో తరగతి ఫలితాలు, నమూనా సర్వేలు, ప్రభుత్వ పోర్టల్లోని బడి వివరాలు, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో చూసే ప్రగతి లెక్క. మొదటి మూడూ అమల్లో ఉన్నాయి, నాలుగోది లేదు. నా ఓటు నాలుగోదానికే. అలాగని మొదటిదాన్ని తీసిపారేయమని మాత్రం అనను.

ఎందుకంటే పదో తరగతి పరీక్షకు ఒక పెద్ద గుణం ఉంది. పేపరు రాష్ట్రమంతటికీ ఒక్కటే. జవాబు పత్రాలు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్తాయి, ఎవరి పేపరో తెలియని టీచర్లు దిద్దుతారు. బడి తన పిల్లలకు తానే మార్కులు వేసుకునే వీలు లేదు. భీమిలిలో రాసినా, కంచరపాలెంలో రాసినా 35కి ఒకటే అర్థం. మన దగ్గరున్న కొలతల్లో ఇంత గట్టి పునాది ఇంకొకదానికి లేదు.

చిక్కంతా ఆ ఫలితాన్ని బడికి అంటగట్టడంలో ఉంది. పన్నెండు మంది రాసిన చిన్న బడిలో ఇద్దరు ఫెయిలైతే 83 శాతం. నూట ఇరవై మంది రాసిన బడిలో అదే ఇద్దరు ఫెయిలైతే 98 శాతం. చిన్న బడి ఒక ఏడాది వంద కొట్టి, మరుసటి ఏడాది ఎనభైకి పడితే అక్కడ హెడ్మాస్టరుకి మెమో వస్తుంది. నిజానికి మారింది ఇద్దరు పిల్లలే, ఆ ఇద్దరిలో ఒకరికి పరీక్షల వారంలో జ్వరం వచ్చి ఉండవచ్చు.

అంతకంటే బాధ పెట్టేది ఇంకొకటి. వంద శాతం చాలాచోట్ల తొమ్మిదో తరగతిలోనే తయారవుతుంది. వెనకబడిన పిల్లవాడి తల్లిదండ్రులను పిలిచి, “మీవాడికి మా సిలబస్ టెన్షన్ అవుతోందండీ, వేరే స్కూల్లో అయితే హాయిగా ఉంటాడు” అని మెత్తగా చెప్పి టీసీ చేతిలో పెడతారు. వాడు దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చేరతాడు. అక్కడి సారు ఏడాదిపాటు పొద్దునా సాయంత్రం స్టడీ అవర్లు పెట్టి, స్లిప్ టెస్టులు పెట్టి ముప్పై ఐదు దాటించడానికి కిందామీదా పడతారు. దాటకపోతే ఆ ఫెయిలు ఈ బడి ఖాతాలోకి వెళ్తుంది. ఎనిమిదేళ్లు ఫీజు తీసుకున్న బడి గేటు మీద మాత్రం ‘నూరు శాతం’ అని రాసుకుంటుంది. ఇది అన్యాయం. ఆ సారుకీ, ఆ పిల్లవాడికీ, ఆ బోర్డు చూసి అడ్మిషన్ తీసుకునే కొత్త తల్లిదండ్రులకీ, ముగ్గురికీ అన్యాయమే.

టాపర్ల ఫొటోల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం పదో తరగతి ర్యాంకుల ప్రకటనలను నిషేధించి, మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంటుందని హెచ్చరించింది. ర్యాంకులు అనకుండా మార్కులు వేసుకోవడం ఇప్పటికీ చూస్తున్నాం. 600కి 590 పైన తెచ్చుకున్న పిల్లల కష్టం గొప్పది, వాళ్లను తక్కువ చేయను. కానీ ఎన్నో బ్రాంచీల నుంచి ఏరిన పది మొహాలు, మీ పిల్ల కూర్చోబోయే సెక్షన్ గురించి ఏమీ చెప్పవు.

ఇక సర్వేలు. వీటిలో నాకు బాగా ఇష్టమైనది ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్. జిల్లాకు ముప్పై ఊళ్లు, ఊరికి ఇరవై ఇళ్లు. బడికి కాదు, ఇంటికే వెళ్తారు. పిల్లవాడి ముందు ఒక కాగితం పెడతారు: అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. అంతే. ఆ కాగితం చూస్తే ఏ అమ్మకైనా, చదువుకోని అమ్మకైనా, విషయం అర్థమవుతుంది. అయితే అసర్ పల్లెల సర్వే. మధురవాడ, అరిలోవ, అక్కయ్యపాలెం దాని లెక్కలోకే రావు. పల్లెలోనైనా ఫలానా బడి ఎలా ఉందో అది చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదు.

కేంద్రం చేసే సర్వే నగరాన్నీ కలుపుకుంటుంది. 2021 నవంబరులో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వేగా, 2024 డిసెంబరు 4న పరఖ్ పేరుతో జరిగింది. రెండోదాంట్లో దేశం మొత్తం మీద 74,229 బడుల్లోని మూడు, ఆరు, తొమ్మిది తరగతుల పిల్లలు ఇరవై ఒక్క లక్షల మందికి పైగా రాశారు. ఫలితం జిల్లా స్థాయిలో వస్తుంది. అమరావతిలో, ఢిల్లీలో కూర్చుని విధానాలు రాసేవారికి ఇది అవసరం. ఎంవీపీ కాలనీలో పిల్లను చేర్చే తండ్రికి దీనివల్ల ఒరిగేది లేదు.

బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ప్రతి బడికీ పదకొండంకెల కోడ్ ఉంటుంది. గదులు, మరుగుదొడ్లు, టీచర్లు, పిల్లల సంఖ్య దొరుకుతాయి. ఇంతమంది పిల్లలకు ఇంతే టీచర్లా అని చూసుకోవడానికి మంచిది. చదువు వస్తోందా అన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

ప్రగతి లెక్క అంటే ఇలా అనుకుందాం. ఒక బడిలో ఆరో తరగతి పిల్లల సగటు జూన్‌లో 70, ఏప్రిల్‌లో 74. ఇంకో బడిలో జూన్‌లో 30, ఏప్రిల్‌లో 48. ఏప్రిల్ అంకె ఒక్కటే అచ్చేస్తే మొదటి బడి ఎక్కడో పైన ఉంటుంది. టీచరు పని చూడాలంటే పద్దెనిమిది మార్కులు పెంచిన రెండో బడికి వెళ్లాలి. మొదటి బడి పిల్లలు ఇంట్లో చదివించేవాళ్లున్న పిల్లలు, ఏ బడిలో వేసినా అరవై దాటేవాళ్లే అయివుండొచ్చు. పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025లో వరసగా పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. ఇన్ని కార్పొరేట్ స్కూళ్లున్న విశాఖ కంటే ఏజెన్సీ జిల్లా ముందుందంటే ఉత్తరాంధ్రవాడిగా నాకు సంతోషమే. కానీ అక్కడి పిల్లలు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి చేరారో తెలిస్తే, ఆ టీచర్ల గొప్పతనం ఎంతో ఇంకా బాగా తెలిసేది.

ఈ ప్రగతి లెక్కకూ లోపాలున్నాయి. జూన్ పరీక్షను కావాలని కఠినంగా పెట్టి, ఏప్రిల్‌ది తేలిక చేస్తే ప్రగతి దానంతట అదే వస్తుంది. అందుకే పరీక్ష ఎవరు పెడతారన్నదే అసలు ప్రశ్న. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అబ్బాయి ప్రోగ్రెస్ కార్డు చూశాను. ఆరో తరగతి, ప్రైవేటు బడి, లెక్కల్లో ఏ2. కాగితం మీద 52లోంచి 38 తీసివేయమన్నాను. తడుముకోకుండా 26 అని రాశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడం తప్ప అప్పు తెచ్చుకోవడం వాడికి ఎవరూ పట్టించుకుని నేర్పలేదు. 659ని 7తో భాగించమంటే పెన్ను పక్కన పెట్టేశాడు. వాళ్లమ్మ, “మార్కులు బాగానే వస్తన్నాయి కదండీ” అంది. ఆవిడ తప్పేమీ లేదు, కార్డు మీద ఉన్నదే ఆవిడ నమ్మింది.

బడి లోపల పెట్టుకునే పరీక్షలతో గొడవ ఇదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోనే దీనిపై పరిశోధన జరిగింది. అదే బడి టీచర్ల పర్యవేక్షణలో కాగితం మీద పెట్టిన పరీక్షల్లో మార్కులు ఉబ్బి వచ్చాయి, ట్యాబ్ మీద పెట్టినప్పుడు నిజానికి దగ్గరగా వచ్చాయి. టీచర్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ‘సీ గ్రేడ్ ఎందుకు ఇంతమంది?’ అని పైనుంచి నిలదీస్తారని తెలిసినప్పుడు ఎవరైనా బీ వేస్తారు. అమెరికాలోని అట్లాంటాలో మార్కులకు టీచర్ల ఉద్యోగాలు, బోనస్‌లు ముడిపెట్టారు. చివరికి టీచర్లే పిల్లల తప్పు జవాబులను చెరిపి మార్చారని తేలి, 2015లో పదకొండు మందికి కోర్టులో శిక్ష పడింది. కొలతను శిక్షకు కట్టేస్తే ముందు పాడయ్యేది కొలతే.

అలాగని అసలు బయటపెట్టకుండా ఉంటే? వేల్స్ 2001లో బడుల వారీ ఫలితాల పట్టికలు ప్రచురించడం ఆపేసింది, పక్కనే ఇంగ్లండ్ కొనసాగించింది. తర్వాత పోల్చి చూస్తే వేల్స్ బడులు వెనకబడ్డాయి, పైస్థాయి బడులను మినహాయిస్తే మిగతావన్నీ. మన ఉమ్మడి రాష్ట్రంలో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగాల్లో ఒకటి ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది. కొన్ని పల్లె బడుల టీచర్లకు వాళ్ల పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో వివరంగా రిపోర్టు ఇచ్చారు. ఇచ్చి ఊరుకున్నారు. ఏడాది చివర ఆ బడుల పిల్లల మార్కుల్లో తేడా ఏమీ రాలేదు.

ఇప్పుడు దీని పక్కన పాకిస్తాన్ పంజాబ్‌లో జరిగింది పెట్టి చూడండి. 2004లో పరిశోధనకు ఎంచుకున్న గ్రామాల్లో సగం చోట్ల, పరీక్ష రాసిన పిల్లల తల్లిదండ్రులకు రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి తమ పిల్లవాడి మార్కులు. రెండోది ఆ ఊళ్లోని బడులన్నిటి సగటులు, ప్రభుత్వ, ప్రైవేటు కలిపి. ఇచ్చిన ఊళ్లలో పిల్లల మార్కులు పెరిగాయి. ప్రైవేటు బడుల ఫీజులు 17 శాతం తగ్గాయి. ఎవరికీ బోనస్ లేదు, మెమో లేదు. పక్క బడి ఎలా ఉందో తల్లికి తెలిసింది, తల్లికి తెలిసిందని బడికి తెలిసింది. ఊరు వేరు, నగరం వేరు, బస్సు పెట్టి పది కిలోమీటర్లు తీసుకెళ్లే విశాఖలో అదే ఫలితం అచ్చంగా వస్తుందనుకోను. కానీ ఒక డివిజన్‌లోని బడులన్నిటినీ ఒకే కాగితం మీద వేసి ఇంటింటికీ ఇవ్వడం మనకు సాధ్యం కాని పని కాదు.

ఆ కాగితంలో ఏముండాలంటే, మూడు, ఐదు, ఎనిమిది తరగతుల పిల్లలకు బయటివాళ్లు వచ్చి, పరఖ్ తరహాలో, ఏటా ఒకే నెలలో పెట్టే చిన్న పరీక్ష. ఎంతమంది చదవగలుగుతున్నారు, ఎంతమంది భాగహారం చేయగలుగుతున్నారు, నిరుడు ఎంత, ఇప్పుడెంత. ఈ ఏటి చివరి పరీక్షే వచ్చే ఏటికి మొదలు కావాలి, అప్పుడు జూన్ మాయలు ఉండవు. చిన్న బడులకు మూడేళ్ల సగటు వేయాలి. పక్కనే పదో తరగతి పాస్ శాతం కూడా ఉండనివ్వండి, కానీ ఒక మార్పుతో: పిల్లవాడి ఫలితాన్ని వాడు ఎనిమిదో తరగతి చదివిన బడి ఖాతాలో రాయాలి. యూడైస్‌లో 2022-23 నుంచి ప్రతి విద్యార్థి వివరాలూ విడివిడిగా నమోదవుతున్నాయి, ఎవరు ఏ బడి నుంచి ఏ బడికి వెళ్లారో వెతకడం కష్టం కాదు. టీసీ ఇచ్చి వదిలించుకుంటే లాభం లేదని తెలిస్తే, తొమ్మిదో తరగతిలో ఆ మెత్తటి మాటలు ఆగిపోతాయి.

మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు మన రాష్ట్రంలో 2024 డిసెంబరు 7న మొదలయ్యాయి. అంతమంది తల్లిదండ్రులు ఒకేరోజు బడికి వస్తున్నప్పుడు, వాళ్ల పిల్లల కార్డుతో పాటు చుట్టుపక్కల బడుల కాగితం కూడా చేతిలో పెట్టడానికి అంతకంటే మంచి రోజు ఉండదు.

అది వచ్చేదాకా, ఈసారి అడ్మిషన్‌కి వెళ్లేవాళ్లు పాస్ శాతం అడిగాక ఇంకో మాట కూడా అడగండి. ఈ ఏడాది పది రాసినవాళ్లు ఎంతమంది? రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఇక్కడే పది రాసినవాళ్లెందరు? ఆ లెక్క ఆఫీసు గదిలోని రిజిస్టర్‌లోనే ఉంటుంది, యూడైస్‌లో ఏటా నింపేదీ వాళ్లే. చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చూపించడానికి వెనకాడితే, ఫీజు కట్టేముందు ఇంకో బడి కూడా చూసి రండి.