బాలాజీ కాలనీ సాయంత్రపు గ్రామర్ క్లాసు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి చాలదు

ఎస్వీ యూనివర్సిటీ పుణ్యమా అని తిరుపతి బాలాజీ కాలనీ చుట్టుపక్కల వీధుల్లో కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. వాటిలో ఒకచోట, మేడమీది గదిలో, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు నడిచే ఇంగ్లీషు గ్రామర్ బ్యాచ్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. నెల తిరిగేసరికి గడగడా మాట్లాడిస్తామన్న హామీ ఇక్కడ ఎవరూ ఇవ్వరు. రెండు నెలల కోర్సులో కండిషనల్ వాక్యాలు ('ఇలా అయితే అలా' అనే షరతు వాక్యాలు), నెగటివ్ వాక్యాలు, ప్రశ్న వాక్యాలు, ఈ మూడింటినే పట్టుబట్టి అభ్యాసం చేయిస్తారు. ఫీజు మొత్తం 3,000 రూపాయలు. జెరాక్స్ కాగితాలకు విడిగా 150 కట్టాలి. ఆ డబ్బుకు తగిన ఫలితం ఉందనే నా అభిప్రాయం, అయితే అందరికీ కాదు.

ఈ మూడు అంశాలనే ఎంచుకోవడంలో మంచి ఆలోచన ఉంది. తెలుగులో 'వస్తాను' అన్న మాట 'రాను' అయినా, 'వస్తానా' అయినా, 'వస్తే' అయినా, మార్పంతా ఆ క్రియలోనే జరిగిపోతుంది. మిగిలిన వాక్యం కదలదు. ఇంగ్లీషులో అదే పనిని 'డూ', 'డజ్', 'డిడ్' వంటి హెల్పింగ్ వెర్బ్, 'ఇఫ్' వంటి విడి మాట, పదాల వరుస కలిసి చేస్తాయి. బడిలో పదేళ్ళు ఇంగ్లీషు చదివి, రూల్స్ అన్నీ ఒప్పజెప్పగలిగినవాళ్ళు కూడా మాట్లాడేటప్పుడు 'వై యూ ఆర్ లేట్', 'వేర్ యూ ఆర్ గోయింగ్' అనడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు. మాతృభాషలో ప్రశ్న వేయడానికి మాటల వరుస మార్చే అలవాటు లేకపోవడమే. క్లాసు చెప్పే మేడమ్ ఈ తేడాను మొదటి రోజే బోర్డుమీద తెలుగు వాక్యాలు రాసి చూపిస్తారు. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వినిపించకూడదన్న పట్టుదల ఆవిడకు లేదు, అది విద్యార్థుల అదృష్టం.

బోధించే పద్ధతి చాలా సరళమైనది. బోర్డుమీద ఒక మామూలు వాక్యం ఉంటుంది: 'షీ వర్క్స్ ఇన్ రేణిగుంట.' మొదటి బెంచీలో కూర్చున్నవారు దానిని కాదని చెప్పాలి, పక్కవారు ప్రశ్నగా అడగాలి, ఆ తర్వాతివారు 'వేర్'తో మొదలుపెట్టాలి, నాలుగోవారు చివర 'డజ్‌న్ట్ షీ?' అని ట్యాగ్ తగిలించాలి. 'షీ డజ్‌న్ట్ వర్క్స్' అని ఎవరైనా అన్నప్పుడు మేడమ్ తప్పు అని తోసిపుచ్చరు, 'డజ్' మీద చాక్‌పీసు పెట్టి, "ఎస్ ఇక్కడికి వచ్చేసింది కదమ్మా, మళ్ళీ అక్కడెందుకు?" అని అడుగుతారు. 'డిడ్ యూ వెంట్' అన్నవారికీ అదే ప్రశ్న: కాలం 'డిడ్' చెప్పేసింది, ఇక 'గో' చాలదా? నాలుగైదు రోజులు గడిచేసరికి విద్యార్థులు ఒకరినొకరు అదే మాటతో సవరించుకోవడం మొదలుపెట్టారు. 'హూ వర్క్స్ ఇన్ రేణిగుంట?' అన్న ప్రశ్నకు 'డజ్' ఎందుకు అక్కర్లేదో, అక్కడ 'హూ' అనేదే కర్త కావడం వల్ల వరుస మారదన్న సంగతి కూడా ఆ వేడిలోనే తేలిగ్గా ఎక్కింది.

నెగటివ్ ప్రశ్నలకు జవాబు చెప్పడం మీద గడిపిన తరగతి ఈ కోర్సుకే విలువ తెచ్చిందంటాను. మా బ్యాచ్‌లో రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసే అబ్బాయి ఉన్నాడు. ఉత్తరాది నుంచి వచ్చిన యాత్రికుడొకరు ఫోనులో 'డిడ్‌న్ట్ యూ రిసీవ్ అవర్ అడ్వాన్స్?' అని అడిగితే, అతను 'యెస్ సార్' అన్నాడట. అతని ఉద్దేశం 'అవును సార్, రాలేదు' అని; అవతలి మనిషికి అర్థమైనది డబ్బు అందిందని. తెలుగులో మనం ఎదుటివారి మాటను ఒప్పుకుంటూ 'అవును' అంటాం. ఇంగ్లీషులో ఎదుటివారు ఎలా అడిగారన్నదానితో పని లేదు, జరిగిన సంగతికే జవాబు: వచ్చి ఉంటే 'యెస్, వి డిడ్', రాకపోతే 'నో, వి డిడ్‌న్ట్'. ఆ రోజు గంటన్నరా ఇదే నడిచింది. దర్శనం, గది, లాకరు, లగేజీ, బస్సు టికెట్, ఇలా ఈ ఊళ్ళో రోజూ ఎదురయ్యే ప్రశ్నలన్నింటినీ నెగటివ్‌గా అడిగి జవాబు చెప్పించారు. హోటళ్ళలో, ట్రావెల్స్‌లో పనిచేసేవాళ్ళకు ఈ ఒక్క తరగతితోనే ఫీజు గిట్టుబాటవుతుంది.

క్వశ్చన్ ట్యాగ్స్ కూడా బాగానే చెప్పారు. మన 'కదా' ఒక్కటే అన్నిచోట్లా సరిపోతుంది కాబట్టి అందరూ 'ఈజ్‌న్ట్ ఇట్' పట్టుకుని వేలాడతారు. 'దే వెంట్ టు కాణిపాకం, డిడ్‌న్ట్ దే?', 'నోబడీ కేమ్, డిడ్ దే?', 'ఐ యామ్ లేట్, ఆరెంట్ ఐ?' వంటివి నోటికి అలవాటయ్యేదాకా చెప్పించారు.

కండిషనల్స్ దగ్గర ఆవిడ పద్ధతి ఇంకా మెరుగ్గా ఉంది. గ్రామర్ పుస్తకాలు ఈ వాక్యాల రకాలకు పెట్టే జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అన్న అంకెలు ముందు చెప్పరు. ఒక సందర్భాన్ని తెలుగులో చెప్పి, మూడు ప్రశ్నలు అడుగుతారు: ఇది జరిగే అవకాశం ఉందా? జరగకపోవచ్చని తెలిసీ ఊహిస్తున్నామా? జరగలేదని తేలిపోయిందా? మొదటిదైతే 'ఇఫ్ ద బస్ కమ్స్ లేట్, వి విల్ మిస్ ద ట్రైన్.' రెండోదైతే 'ఇఫ్ ద బస్ కేమ్ లేట్, వి వుడ్ మిస్ ద ట్రైన్.' మూడోదైతే 'ఇఫ్ ద బస్ హ్యాడ్ కమ్ లేట్, వి వుడ్ హ్యావ్ మిస్డ్ ద ట్రైన్.' రెండో వాక్యంలోని 'కేమ్' గడిచిన కాలాన్ని చెప్పడం లేదని, ఆ సంగతి వాస్తవానికి ఎంత దూరమో చెబుతోందని గ్రహించాక, ఏళ్ళ తరబడి బట్టీపట్టిన పట్టికకు అర్థం దొరికింది. 'ఇఫ్' పక్కనే 'విల్' పెట్టే అలవాటు, రెండు భాగాల్లోనూ 'వుడ్' వాడే అలవాటు చాలామందికి ఇక్కడే వదిలాయి. 'అన్‌లెస్' విషయంలోనూ అంతే. 'తొందరపడకపోతే' అన్న మాటలో కాదనడం ఇమిడి ఉంది గనుక మనవాళ్ళు 'అన్‌లెస్ యూ డోంట్ హర్రీ' అంటారు. 'అన్‌లెస్'లోనే ఆ కాదనడం ఉందని గుర్తించేదాకా ఆవిడ వదిలిపెట్టలేదు.

లోపాలూ చెప్పాలి, అవి చిన్నవి కావు. క్లాసులో ఇంత చక్కగా అర్థంతో చెప్పినదాన్ని ఇంటికిచ్చే జెరాక్స్ కాగితాలు మళ్ళీ అంకెల్లోకి దించేస్తాయి. అన్నీ ఖాళీలు పూరించేవే. సొంతంగా వాక్యం రాయమనే అభ్యాసం దాదాపు లేదు, రాసినా దిద్ది ఇచ్చేవారు లేరు. జవాబుల పట్టికలో తప్పులున్నాయి. 'ఇఫ్ ఐ హ్యాడ్ టేకెన్ దట్ జాబ్, ఐ వుడ్ బి ఇన్ బెంగళూరు నౌ' వంటి మిశ్రమ వాక్యాల ఊసే ఎత్తలేదు. గతంలో జరగనిదానికి నేటి ఫలితాన్ని ముడిపెట్టి మాట్లాడటం నిత్యజీవితంలో ఎంత సహజమో చూస్తే, ఇది సిలబస్‌లో లేదనడం సరైన సమాధానం కాదు.

అంతకంటే పెద్ద లోటు పరోక్ష ప్రశ్నలది. ప్రశ్న అనగానే వరుస తిప్పాలని నెలంతా చేయించిన తర్వాత, 'కెన్ యూ టెల్ మీ వేర్ ద బస్ స్టాండ్ ఈజ్?' అన్నప్పుడు లోపలి వాక్యాన్ని తిప్పకూడదని గట్టిగా చెప్పకపోతే, నేర్చుకున్నదే తప్పుకు దారితీస్తుంది. నిజంగానే మా బ్యాచ్‌లో సగంమంది చివరి పరీక్షలో 'వేర్ ఈజ్ ద బస్ స్టాండ్' అనే రాశారు. యాత్రికుల ఊరిలో మర్యాదగా అడగడానికీ, అడిగినది అర్థం చేసుకోవడానికీ ఈ రూపమే ఎక్కువ అవసరం. దీనికి ఒక్క పూట కేటాయించి సరిపెట్టారు.

బ్యాచ్‌లో ముప్ఫైమందికి పైగా ఉంటారు కాబట్టి వెనక వరుసలో కూర్చుంటే మాట్లాడే వంతు చాలా తక్కువసార్లు వస్తుంది. ముందే వెళ్ళి ముందు బెంచీ చూసుకోవాలి.

బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్ళు దీనినే నమ్ముకోకూడదు. ఐబీపీఎస్ క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. అక్కడ వేగంగా చదివి అర్థం చేసుకోవడం ప్రధానం, దానికి ఈ క్లాసులో శిక్షణ లేదు. ఐఈఎల్‌టీఎస్ రాయబోయేవారికి వ్యాసరచన కావాలి, అదీ ఇక్కడ దొరకదు. డిగ్రీ ముగించి ఇంటర్వ్యూలకు వెళ్ళేవారికి, టీచర్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నవారికి, కౌంటర్ దగ్గర కూర్చుని పదిమందితో మాట్లాడే పని ఉన్నవారికి మాత్రం సందేహించకుండా చెబుతాను, చేరండి. చిత్తూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చేవాళ్ళు ఆదివారం ఉదయపు బ్యాచ్ ఉంది కదా అని అందులో చేరుతున్నారు. అది వారమంతా చెప్పినదాన్ని తిరగవేసే తరగతి మాత్రమే, కొత్త పాఠం అందులో ఉండదు, కాబట్టి ఫీజు కట్టేముందే సాయంత్రం క్లాసుకు రాగలరో లేదో చూసుకోవాలి.