సూపర్‌హీరో సినిమాల్లో మన భయాలు: నాలుగింటిలో ఏది మేలు?

1962 నాటి కామిక్‌లో పీటర్ పార్కర్‌ను (తర్వాత స్పైడర్‌మ్యాన్ అయ్యేది ఇతనే) కుట్టింది అణుధార్మికత సోకిన సాలీడు. 2002 సినిమాకు వచ్చేసరికి అది జన్యువులు మార్చిన సాలీడైంది. కథ అదే, జనం దేనికి జడుస్తున్నారన్నదే మారింది. ఈ తరహా సినిమాలన్నీ ఆ కాలపు భయం మీదే బతుకుతాయి కాబట్టి, భయాన్ని వాడుకున్నారా లేదా అని అడిగి లాభం లేదు. వాడుకున్నాక దాన్ని ఏం చేశారు? విలన్ పోయాక భయానికి అసలు కారణం కూడా పోయినట్టు చూపించారా, అది ఇంకా మిగిలే ఉందని ఒప్పుకున్నారా? 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో పెరిగిన భయాల మీద నడిచిన నాలుగు సినిమాలను ఈ కొలతతోనే చూడాలి.

వసూళ్లలో ముందున్నది ‘ది అవెంజర్స్’ (2012). ప్రపంచమంతా కలిపి సుమారు 152 కోట్ల డాలర్లు. మన్‌హట్టన్‌లో భవనాలు కూలడం, దుమ్ములో జనం పరుగులు తీయడం చూస్తే ఆ దాడుల టీవీ దృశ్యాలు గుర్తుకు రాక మానవు. శత్రువు మాత్రం ఆకాశంలో తెరుచుకున్న ద్వారంలోంచి దిగిన చిటారీ అనే గ్రహాంతరవాసుల సైన్యం. దానికి దేశం లేదు, మతం లేదు, చెప్పుకోవడానికి ఒక ఫిర్యాదూ లేదు. ఏ దేశపు ప్రేక్షకుడూ నొచ్చుకోడు, అన్ని దేశాల్లోనూ టికెట్లు తెగుతాయి. ద్వారం అవతల తల్లి నౌక పేలగానే ఇవతల సైనికులంతా కుప్పకూలిపోతారు. నగరం మీదికి అణుక్షిపణి వదలమన్నది మన వైపు పెద్దలే అన్న సంగతి కథలో ఉంది. కానీ ఐరన్ మ్యాన్ దాన్ని ద్వారంలోకి మళ్లించగానే ఆ ఘోరమైన నిర్ణయమే గెలుపుకు సాధనమైపోయింది, దాని గురించి నిలదీసే తీరిక కథకు లేదు. వినోదంగా గొప్ప సినిమా. మన కొలతకు మాత్రం నాలుగింటిలో ఇదే బలహీనం.

‘ది డార్క్ నైట్’ (2008), ‘కెప్టెన్ అమెరికా: ది వింటర్ సోల్జర్’ (2014) పక్కపక్కన పెట్టి చూడాల్సినవి. రెండింటిదీ ఒకటే ప్రశ్న: రక్షణ కోసం జనమందరి మీదా నిఘా పెట్టవచ్చా?

‘డార్క్ నైట్’లో ఆ పని చేసేది హీరోనే. గోథమ్ నగరంలోని ప్రతి ఫోన్‌నూ బ్యాట్‌మన్ నిఘా పరికరంగా మారుస్తాడు. ఒక్క మనిషి చేతిలో ఇంత అధికారం తప్పని అతనికి పరికరాలు సమకూర్చే లూషియస్ ఫాక్స్ అంటాడు, ఈ ఒక్కసారికే సాయం చేస్తానంటాడు. తప్పును హీరో నెత్తినే పెట్టడం నిజంగా ధైర్యం. అయితే ముగింపు దాన్ని నీరుగార్చింది. విలన్ జోకర్ దొరుకుతాడు, అంటే నిఘా ఫలించినట్టే. ఫాక్స్ తన పేరు కొట్టగానే యంత్రం తనను తానే ధ్వంసం చేసుకుంటుంది. బయట అలా జరగలేదు. అమెరికాలో 2001 అక్టోబర్‌లో ప్రభుత్వ నిఘా అధికారాల్ని పెంచుతూ వచ్చిన పేట్రియాట్ చట్టంలో 2005 చివరికి గడువు తీరాల్సిన నిఘా నిబంధనల్లో ఎక్కువ భాగాన్ని 2006లో శాశ్వతం చేశారు. అప్పటికి రెండేళ్ల తర్వాత విడుదలైన సినిమా, వాడుకున్న అధికారాన్ని పాలకులు వాళ్లంతట వాళ్లే వదిలేస్తారన్న ఓదార్పునిచ్చింది. వసూళ్లు 100 కోట్ల డాలర్లు దాటాయి.

‘వింటర్ సోల్జర్’ ఇంకా సూటిగా మొదలవుతుంది. నేరం జరగకముందే మనుషుల్ని ఏరివేసేందుకు ఉపగ్రహాలతో అనుసంధానించిన మూడు యుద్ధనౌకల్ని ఆకాశంలోకి పంపబోతున్నారు. హీరోలు పనిచేసే షీల్డ్ అనే భద్రతా సంస్థ అధిపతి నిక్ ఫ్యూరీ వాటిని గర్వంగా చూపిస్తే, ఇది స్వేచ్ఛ కాదు, భయమని కెప్టెన్ అమెరికా అయిన స్టీవ్ రోజర్స్ ముఖం మీదే చెబుతాడు. అప్పటికి విలన్ ఎవరో మనకు తెలియదు, తప్పు పూర్తిగా మనవాళ్లదే. ఎవరిని చంపాలో తేల్చే లెక్క బ్యాంకు ఖాతాలు, వైద్య రికార్డులు, ఈమెయిళ్లు చదివి తయారవుతుంది. 2013 జూన్‌లో అమెరికా రహస్య నిఘాను బయటపెట్టిన స్నోడెన్ పత్రాలు వెలువడే నాటికి ఈ సినిమా షూటింగ్ నడుస్తూనే ఉంది.

దీని లోపం హైడ్రా అనే రహస్య శత్రు ముఠా. షీల్డ్‌లోకి ఆ శత్రువులు చొరబడ్డారని తేలగానే నేరం వ్యవస్థ నుంచి దొంగల మీదికి జారిపోతుంది. చివర్లో విచారణ కమిటీ ముందు స్టీవ్ సహచరి నటాషా చెప్పేది కూడా, మమ్మల్ని జైల్లో పెట్టలేరు, మా అవసరం మీకుంది అనే. నిఘాకు బదులు హీరోల్ని నమ్మమంటున్నారన్నమాట. అయినా నా ఓటు దీనికే. రహస్య పత్రాలన్నీ జనం ముందు పెట్టి, హీరోలు పనిచేసిన సంస్థనే కూల్చేసింది. వసూలైంది దాదాపు 71 కోట్ల డాలర్లు, ‘అవెంజర్స్’లో సగం కూడా లేదు.

విమర్శ చేస్తే డబ్బు రాదని మాత్రం దీన్నిబట్టి తేల్చకూడదు. ‘ఐరన్ మ్యాన్ 3’ (2013) సుమారు 121 కోట్ల డాలర్లు తెచ్చింది. టీవీ ప్రసారాల్ని హైజాక్ చేసి దేశాన్ని వణికించే మాండరిన్ చివరికి తాగుబోతు రంగస్థల నటుడని తేలుతుంది. వెనకున్న వ్యాపారి కిలియన్, ప్రయోగం వికటించి మనుషులు పేలిపోతుంటే వాటిని ఉగ్రవాద దాడులుగా చూపిస్తూ వచ్చాడు. అటు ఉగ్రవాదీ ఇటు ఉపాధ్యక్షుడూ తన చేతిలో ఉంటే యుద్ధానికి గిరాకీ, సరఫరా రెండూ తనవేనన్నది అతని పథకం. ఇంత పదునైన ఆలోచనను పాత కక్షగా కుదించేశారు: 1999లో బెర్న్‌లో టోనీ (ఐరన్ మ్యాన్) తనను అవమానించాడట. అందుకే రెండో స్థానం. ‘డార్క్ నైట్’ కంటే పైన ఎందుకంటే, సగం సినిమా దాకా మాండరిన్ గడ్డాన్ని చూసి, గొంతు విని నిజంగా భయపడింది మనమే.