పాత ఐపాడ్‌లోకి పెళ్లి వీడియో ఎక్కించాలంటే హ్యాండ్‌బ్రేక్ సరిపోద్దా?

ముందే చెప్పేస్తానండీ, హ్యాండ్‌బ్రేక్ అంటే వీడియోల్ని ఒక రకం ఫైల్ నుంచి ఇంకో రకానికి మార్చే సాఫ్ట్‌వేర్, ఫ్రీ, పని బాగా చేస్తది, కానీ ఇన్‌స్టాల్ చేసి ఏదో ఒక ప్రీసెట్ (రెడీగా కట్టిపెట్టిన సెట్టింగులు) నొక్కి స్టార్ట్ కొట్టేస్తే పాత ప్లేయర్లో వీడియో ఆడుద్దనుకుంటే మాత్రం ఆడదు. అందులో రెడీగా ఉన్నవి చాలావరకు ఇప్పటి ఫోన్లకీ టీవీలకీ పెట్టినవి. పాత వాటికైతే ఓ నాలుగు చోట్ల మనమే చెయ్యి పెట్టాలి.

మా ఇంట్లో ఉన్నది ఐపాడ్ క్లాసిక్, 160 జీబీది, కువైట్ నుంచి చిన్నాన్న తెచ్చాడు. 2014లోనే వాటిని ఆపేశారు, మాది మాత్రం ఇంకా శుభ్రంగా ఆడుతోంది. ఇప్పుడది మా మామ్మది. ఫోన్ చేతికిస్తే వేలు ఎక్కడో తగిలి ఎవరికో కాల్ వెళ్లిపోద్ది, దీనికైతే ఆ గొడవ లేదు, చక్రం తిప్పుకుంటూ కూర్చుంటది. ఆవిడ అడిగేవి రెండే, మా అత్త పెళ్లి, కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంటే ఊళ్ల నుంచి అలంకరించిన ప్రభల్ని మోసుకొచ్చే మా కోనసీమ జాతర. అమలాపురంలో ఓ షాపులో ఇస్తే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు గానీ ఐపాడ్ ఆ ఫైళ్లని దగ్గరికి కూడా రానివ్వలేదు, అందుకే ఇంట్లోనే చేసుకోవాల్సి వచ్చింది.

ఈ ఐపాడ్ తీసుకునేది ఇదీ: సైజు 640 బై 480 దాటకూడదు, హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి) అయితే బేస్‌లైన్ ప్రొఫైల్, లెవెల్ 3.0 (ప్రొఫైల్, లెవెల్ అంటే ఆ కుదింపు ఎంత బరువైనదో చెప్పే మెట్లు), వీడియో బిట్‌రేట్, అంటే సెకనుకి పట్టే డేటా, 2.5 ఎంబీపీఎస్ లోపు, సౌండ్ ఏఏసీ అనే పద్ధతిలో 160 కేబీపీఎస్ లోపు. హ్యాండ్‌బ్రేక్ తెరవగానే కనపడే ఫాస్ట్ 1080పీ30 ప్రీసెట్టేమో మెయిన్ ప్రొఫైల్, లెవెల్ 4.0. ఇంక ఎలా ఆడుద్ది చెప్పండి? వీడియో ట్యాబ్‌లోకెళ్లి ప్రొఫైల్ బేస్‌లైన్, లెవెల్ 3.0 పెట్టండి, డైమెన్షన్స్‌లో సైజు తగ్గించండి, సమ్మరీలో ఐపాడ్ 5జీ సపోర్ట్ అని చిన్న టిక్ కనపడితే అదీ పెట్టేయండి. బిట్‌రేట్ వెయ్యి కేబీపీఎస్ ఇచ్చి సౌండ్ 128 పెడితే గంట వీడియో 500 ఎంబీ చిల్లర వస్తది, రెండున్నర అంగుళాల స్క్రీన్‌కి అంతకన్నా ఎందుకండీ. అన్నీ అయ్యాక ఆ సెట్టింగుల్ని మన సొంత ప్రీసెట్‌గా సేవ్ చేసి పెట్టుకోండి, మళ్లీ మళ్లీ ఈ తిప్పలు ఉండవు.

పెళ్లి డీవీడీ సంగతి వేరే. డిస్క్‌లో ఉండే వీడియో_టీఎస్ ఫోల్డర్‌ని సోర్స్‌గా ఇచ్చేస్తే చాలు, అందులో వీడియో ఉండే వీవోబీ ఫైళ్ల ముక్కలన్నీ అదే కలిపేసుకుంటది, ఇది నాకు తెగ నచ్చింది. మన డీవీడీలు పాల్ (మన దేశంలో వాడిన టీవీ పద్ధతి) కదా, 720 బై 576, పైగా అప్పటి కెమెరాల్లో తీసింది ఇంటర్‌లేస్డ్, అంటే మనిషి కదిలితే అంచుల్లో అడ్డంగా గీతలు గీతలుగా వస్తాయి, తలంబ్రాలు పోసే చోట చూడండి తెలుస్తది. ఫిల్టర్స్‌లో డీకోంబ్ పెడితే ఆ గీతలు పోతాయి. అనమార్ఫిక్ అన్న చోట నన్ అని పెట్టడం మర్చిపోవద్దు, ఎందుకంటే డీవీడీలో పిక్సెళ్లు చదరంగా ఉండవు, పాత ప్లేయర్లలో కొన్ని ఆ లెక్క పట్టించుకోవు, వైడ్‌స్క్రీన్‌లో తీసిన పెళ్లయితే పెళ్లికొడుకు కొబ్బరిచెట్టులా సాగిపోతాడు. షాపులో కొన్న సినిమా డిస్కులకి మాత్రం ఆశ పెట్టుకోకండి, కాపీ లాక్ ఉన్నవాటిని ఇది ముట్టుకోదు.

తీర్థం వీడియోలు ఫోన్లో తీసినవి. ఈమధ్య ఫోన్లు చాలావరకు హెచ్.264 తర్వాత వచ్చిన హెచ్.265లో తీస్తున్నాయి, ఐపాడ్ దాన్ని ఆడించలేదు. ఇంకోటి, ఫోన్ వీడియోలో ఫ్రేమ్‌రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు అన్నది) స్థిరంగా ఉండదు, కొన్ని ప్లేయర్లలో పోనుపోను బొమ్మ ఒకచోట డప్పు ఇంకోచోట అవుద్ది, కాబట్టి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్, 30 పెట్టేయండి. గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక కాలువ దాటేది మా బాబాయి కొడుకు ఫోన్ నిలువుగా పట్టుకుని తీశాడు, అది ఐపాడ్‌లో మధ్యలో సన్నటి చీలికలా వస్తది, దానికి ఏ సాఫ్ట్‌వేరూ ఏం చెయ్యలేదండి, ఆయ్.

స్పీడు విషయానికొస్తే పాత ల్యాప్‌టాప్‌లో మూడు గంటల పెళ్లికి రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు, ఫ్యాను గోల ఒకటి. క్యూలో అన్నీ వేసి పడుకోవచ్చు, కాకపోతే ఎండాకాలం కరెంటు చూసుకోండి. ముందు రేంజ్‌లో సెకన్లు ఎంచుకుని 0 నుంచి 30 దాకా ఓ ముక్క మాత్రం చేసి ప్లేయర్లోకి ఎక్కించి చూసుకోండి, ఆడితే అప్పుడు మొత్తం పెట్టండి. ఈ ఒక్క సలహా వింటే సగం తలనొప్పి పోద్ది.

డౌన్‌లోడ్ మాత్రం హ్యాండ్‌బ్రేక్ డాట్ ఎఫ్ఆర్ నుంచే. 2017 మేలో వాళ్ల డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాంట్లోకి ఎవరో దూరి మ్యాక్ ఫైల్‌లో వైరస్ పెట్టేశారు, అసలు దానికే అలా అయితే ఊరూ పేరూ లేని సైట్ల సంగతి చెప్పేదేముంది. కొత్త వెర్షన్లకి విండోస్ 10 కావాలి, డాట్‌నెట్ రన్‌టైమ్ (అది నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) అడిగితే అదీ వేసుకోవాలి.

మీ దగ్గరున్నది ఏవీఐ అనే పాత రకం వీడియో ఫైల్ మాత్రమే ఆడించే ప్లేయరైతే, ఆ యూఎస్‌బీ గుచ్చుకునే పోర్టబుల్ డీవీడీ ప్లేయర్లలో చాలావరకు అంతే కదా, హ్యాండ్‌బ్రేక్ జోలికి వెళ్లకండి. ఇది ఎంపీ4, ఎంకేవీ, వెబ్ఎం తప్ప ఇంకేం ఇవ్వదు, ఏవీఐ ఎప్పుడో తీసేశారు. వాటికి ఎక్స్‌మీడియా రీకోడ్ అనే సాఫ్ట్‌వేర్ చూడండి, అదీ ఫ్రీయే, ఎక్స్‌విడ్ (ఇదీ వీడియోని కుదించే పద్ధతే) వీడియో, ఎంపీ3 సౌండ్ పెట్టి ఏవీఐ చేసేస్తది.