ఎస్పీ రోడ్డులో కంపెనీ లాట్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు చెల్లించక ముందే రీసెట్ చేయించండి

బెంగళూరు సాదర్ పత్రప్ప రోడ్డులో, అంటే మనందరం ఎస్పీ రోడ్డని పిలుచుకునే ఆ ఇరుకు సందుల్లో, "కంపెనీ లాట్" (కంపెనీలు కట్టలుగా వదిలించుకున్న పాత సరుకు) పేరుతో అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు కొనబోయే తెలుగువారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఇంజనీరింగ్‌లో చేరిన మా మేనల్లుడి కోసం అక్కడి ఒక దుకాణంలో నేను కొన్న ల్యాప్‌టాప్ అన్ని విధాలా చక్కగా పనిచేస్తూనే, ఇప్పటికీ ఒక సంస్థ పేరు మీద నమోదై ఉంది. అలాంటి యంత్రాన్ని ఎప్పుడు రీసెట్ చేసి, అంటే అంతా తుడిచి, ఇంటర్నెట్ కలిపి సెటప్ చేసినా, అది మనల్ని కాదని ఆ సంస్థ ఉద్యోగి లాగిన్‌నే అడుగుతుంది.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఆ గడువు దగ్గర పడినప్పటి నుంచి కంపెనీలు పాత ల్యాప్‌టాప్‌లను కట్టలుకట్టలుగా వదిలించుకుంటున్నాయి. విద్యార్థికి ఇంతకంటే మంచి బేరం ఉండదని నేను ఇప్పటికీ నమ్ముతాను. నేను ఎంచుకున్నది 2018 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ480. 20 వేల రూపాయల లోపు దొరికే కొత్త ల్యాప్‌టాప్‌లలో అంత మంచి కీబోర్డు నేను చూడలేదు. లోపల ఒక బ్యాటరీ, వెనుక ఊడదీయగలిగిన మరో బ్యాటరీ ఉంటాయి కనుక, యంత్రం నడుస్తుండగానే వెనుకదాన్ని మార్చుకోవచ్చు. ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన టీ490లో ర్యామ్ కొంత బోర్డుకే అతికి వస్తుంది. పైగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కు అధికారికంగానే అర్హత ఉంది. ఒక్క మాట: దాదాపు ఇదే ఒళ్లున్న టీ470లో ఆరు, ఏడు తరాల ప్రాసెసర్లుంటాయి. వాటిలోనూ అర్హత పరీక్షను దాటవేసి విండోస్ 11 ఎక్కించి అమ్మేవారున్నారు కనుక, స్టిక్కర్‌ను కాకుండా సెట్టింగ్స్‌లో కనిపించే ప్రాసెసర్ పేరును చూడాలి.

దుకాణంలో చూడవలసినవన్నీ చూశాను. కమాండ్ ప్రాంప్ట్‌లో "powercfg /batteryreport" అని కొడితే వచ్చే నివేదికలో డిజైన్ కెపాసిటీని (కొత్తలో ఉన్న సామర్థ్యం), ప్రస్తుత ఫుల్ ఛార్జ్ కెపాసిటీని పోల్చి చూశాను. వెనుక బ్యాటరీ సగానికి పడిపోయిందని చూపిస్తే వేరొకటి మార్చి ఇచ్చారు. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు ఉండే డిస్కు) ఆరోగ్యం బాగుంది. ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందుండే సెట్టింగుల తెరలోకి, వెళ్లి దానికి తాళంలాంటి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ లేదని నిర్ధారించుకున్నాను. థింక్‌ప్యాడ్‌లో అది మరిచిపోతే మదర్‌బోర్డు మార్చడం తప్ప దారి లేదని లెనోవోయే చెబుతుంది. సెట్టింగ్స్‌లోని "యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్" పేజీ కూడా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీ పేజీకి విలువ లేదు. యంత్రం ఇప్పుడు ఏ సంస్థకైనా లాగిన్ అయి ఉందా అన్నది మాత్రమే అది చెబుతుంది, ఏ సంస్థ నమోదు పట్టికలోనైనా ఆ యంత్రం ఉందా అన్నది చెప్పదు.

సెకండ్ హ్యాండ్‌లో ఏది కొన్నా మొదట పూర్తిగా తుడిచి, విండోస్ తిరిగి ఎక్కించడం నా అలవాటు. ఇంటికి తెచ్చి అదే చేశాను. భాష, కీబోర్డు అడిగి, వైఫై కలిపిన తర్వాత తెర కొంచెంసేపు ఆలోచించి, ఒక కంపెనీ లోగోను చూపింది. దాని కింద ఆ సంస్థకు స్వాగతమనీ, ఉద్యోగ ఈమెయిల్ ఇవ్వమనీ రెండు వాక్యాలు. దాటవేసే బటన్ లేదు, వ్యక్తిగత ఖాతాతో ముందుకు వెళ్లే మార్గం లేదు.

దీని వెనుక ఉన్నది విండోస్ ఆటోపైలట్ అనే ఏర్పాటు. ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు, మదర్‌బోర్డు వివరాలు తదితర గుర్తులతో తయారైన హార్డ్‌వేర్ హ్యాష్ అనే గుర్తింపు కోడ్‌ను సంస్థ మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తుంది. కొత్తగా సెటప్ చేసేటప్పుడు ఇంటర్నెట్ తగలగానే ల్యాప్‌టాప్ తన గుర్తులను పంపుతుంది. ఆ పట్టికలో ఉంటే సంస్థ లాగిన్ తెర వస్తుంది. ఉద్యోగి ఇంటికే కొత్త ల్యాప్‌టాప్ పంపించి, ఐటీ విభాగం చేయి పడకుండా సిద్ధం చేయడానికి ఇది నిజంగా మంచి ఏర్పాటే. కాని నమోదు ఉన్నది మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో కాబట్టి ఎస్‌ఎస్‌డీ తుడిచినా, కొత్తది వేసినా అది పోదు. అమ్మేటప్పుడు ఆ సంస్థే తన పట్టికలోంచి తొలగించాలి. అలా తొలగించని యంత్రాన్ని కొనడమంటే, పాసుపుస్తకంలో పాత ఆసామి పేరుండగానే పొలానికి డబ్బు కట్టినట్టే.

మరి దుకాణంలో ఆ తెర ఎందుకు రాలేదో అక్కడి కుర్రవాడే, చిత్తూరు వైపు తెలుగులో, దాపరికం లేకుండా చెప్పాడు: "నెట్ పెట్టకుండా సెటప్ చేసేస్తే ఆ స్క్రీనే రాదన్నా. మీకు కావాలంటే హోం ఎడిషన్ వేసిస్తాను, ఇంక జన్మలో రాదు." రెండూ వాస్తవాలే. ఇంటర్నెట్ లేకుండా లోకల్ ఖాతాతో సెటప్ పూర్తి చేస్తే సర్వర్‌తో మాట్లాడే అవకాశమే ఉండదు. ఆటోపైలట్ అనేది విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లకే వర్తిస్తుంది కాబట్టి హోం ఎడిషన్‌లో ఆ అడ్డంకి కనిపించదు. అయితే ఆ ల్యాప్‌టాప్ ప్రో లైసెన్సుతో వచ్చింది, దానికే నేను డబ్బు కట్టాను. అంతకంటే ముఖ్యమైన విషయం, పట్టికలో పేరు మిగిలి ఉండటానికి ఐటీ విభాగం అశ్రద్ధ కారణమా, లేక ఆ యంత్రం గోడౌన్‌లోంచి గాని, ఉద్యోగి బ్యాగులోంచి గాని బయటికి వచ్చిందా అన్నది కొనుగోలుదారుకు తెలిసే మార్గం లేదు. చదువుకునే పిల్లవాడి చేతిలో అలాంటి వస్తువు పెట్టడం నాకు సమ్మతం కాలేదు.

డబ్బు తిరిగి ఇవ్వమని అడిగితే, "టెస్టింగ్ వారంటీ"లో (కొన్నాక పరీక్షించుకోవడానికి దుకాణం ఇచ్చే గడువులో) మార్పిడి మాత్రమే ఉంటుందని యజమాని అన్నాడు. సరేనని అదే వరుసలోంచి మరో టీ480 తీసుకుని, అక్కడే కౌంటర్ మీద పెట్టి, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో రీసెట్ చేయించాను. అదే లోగో, అదే స్వాగతం. అప్పటికి కుర్రవాడి ముఖంలో కూడా నవ్వు పోయింది. ఒక్క యంత్రం పొరపాటున జారిందనుకోవడానికి వీల్లేదని, ఆ దుకాణానికి వచ్చిన కట్ట మొత్తం మీదే అనుమానపడాలని నాకు అప్పుడే అనిపించింది.

కాబట్టి మీరు కొనేటప్పుడు చేయవలసింది ఇది. సెట్టింగ్స్‌లోని రికవరీలోకి వెళ్లి "రీసెట్ దిస్ పీసీ" ఎంచుకుని, ఫైళ్లన్నీ తొలగించే మార్గంలో నడిపించండి. సమయం పడుతుంది, దుకాణదారు విసుక్కుంటాడు. కాఫీకి వెళ్లి వస్తానని చెప్పకుండా ఎదురుగానే కూర్చోండి. అంత వ్యవధి లేకపోతే విండోస్ 11 ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌ను ఇంటి దగ్గరే తయారు చేసుకుని తీసుకువెళితే పని త్వరగా తెములుతుంది, కాని ప్రో ఎడిషనే ఎక్కుతోందని చూసుకోండి. ఇంటర్నెట్ మీ ఫోన్‌దే వాడండి. వ్యక్తిగత ఖాతా అడిగే మామూలు తెర వచ్చేదాకా డబ్బు చేతిలోనే ఉండాలి. బయోస్‌లో సెక్యూరిటీ విభాగం కింద అబ్సొల్యూట్ పర్సిస్టెన్స్, పాతవాటిలో కంప్యూట్రేస్ అనే అంశాన్ని కూడా చూడండి. సంస్థ దాన్ని యాక్టివేట్ చేసి ఉంటే, డిస్కు మార్చినా మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్‌లోంచి ఆ నిఘా సాఫ్ట్‌వేర్ తిరిగి వచ్చి కూర్చుంటుంది.

మ్యాక్‌బుక్‌లలోనూ ఇదే కథ, పేరే వేరు. సంస్థలు ఆపిల్ దగ్గర సీరియల్ నంబరును నమోదు చేస్తాయి. తుడిచి ఇంటర్నెట్ కలిపినప్పుడు "రిమోట్ మేనేజ్‌మెంట్" అనే తెర వస్తుంది. ముఖ్యంగా 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ ఎక్కడైనా అనుమానం కలిగేంత చవకగా కనిపిస్తే, "ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్" నడిపించి చూడకుండా తీసుకోవద్దు.

బిల్లు సంగతి. నాకు ఇచ్చింది "ఎస్టిమేట్" అని ముద్రించిన తెల్ల చీటీ. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, సీరియల్ నంబరు లేదు. గట్టిగా పట్టుబట్టి సీరియల్ నంబరు రాయించుకుని, ముద్ర వేయించుకున్నాను, డబ్బు యూపీఐలో చెల్లించాను. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఆధారాలు అవే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా అంతే. గోడకు అంటించిన "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అనే బోర్డు చట్టం కంటే పెద్దది కాదు. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. కొన్నది బెంగళూరులోనే అయినా, మీరు నివసించేది అనంతపురమైతే అక్కడి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయడానికి ఈ చట్టం వీలు కల్పిస్తుంది.

తెర మీద కనిపించిన సంస్థకు కూడా సీరియల్ నంబరు, తెర ఫొటో పంపి, ఈ యంత్రాన్ని మీరే అమ్మారా అని అడిగాను; ఇంకా సమాధానం రాలేదు. అది వచ్చేదాకా ల్యాప్‌టాప్‌ను స్విచ్చాఫ్ చేసి పక్కన పెట్టాను, మేనల్లుడు నా పాత ల్యాప్‌టాప్‌తో కాలేజీకి వెళ్తున్నాడు.

ఇటీవల ఎస్పీ రోడ్డులో టీ480 కొన్నవారు తమ యంత్రాన్ని ఒకసారి తిరగేసి చూడండి. నేను చూసిన రెండింటికీ అడుగున, రబ్బరు కాలికి దగ్గరగా, కంపెనీ అసెట్ ట్యాగ్ పీకేసిన చోట నిలువు జిగురు మచ్చ ఉంది, దాని మీద బ్లేడుతో గీకిన గీతలు ఉన్నాయి. మీదానికీ అటువంటి మచ్చ ఉంటే, ఫైళ్లు వేరే చోట భద్రపరచుకుని, టెస్టింగ్ వారంటీ గడువు తీరకముందే రీసెట్ చేసి చూసుకోండి.