రాత్రి, కౌన్, భూత్, ఫూంక్: వర్మ దెయ్యాల్లో ఏది గట్టిది?

పోయిన నెల మా బావ ఊరి నుంచి వచ్చినప్పుడు, రాత్రి అన్నాలయ్యాక మాటల మధ్యలో రామ్‌గోపాల్ వర్మ దెయ్యం సినిమాల ప్రస్తావన వచ్చింది. ఆయన ‘భూత్’ అంటాడు, నేను ‘రాత్రి’ అంటాను. మా అక్క వంటింట్లోంచే "రెండూ కాదు, కౌన్" అని తీర్పు చెప్పేసి, గిన్నెలు సర్దుకుని పడుకోడానికి వెళ్ళిపోయింది. తేలలేదు. సరే, ఇన్నేళ్ళ కిందటి జ్ఞాపకాల మీద వాదించుకోవడం ఎందుకని అన్నీ మళ్ళీ వేసుకుని చూశాం, రాత్రికి ఒకటి చొప్పున, లైట్లు ఆర్పేసి. ఈ రాసేదంతా ఆ చూడటంలోంచి వచ్చిందే. ముందే చెప్తున్నా, ‘భూత్’ కథ కాస్త బయటపడుతుంది, ‘కౌన్’ ముగింపు మాత్రం ప్రాణం పోయినా చెప్పను.

చూస్తుంటే నాకు ఒక సంగతి తట్టింది. వర్మ దెయ్యం సినిమాల గురించి మాట్లాడితే అందరూ కెమెరా అంటారు, సౌండ్ అంటారు. నిజమే, రెండూ ఆయన ఆయుధాలే. కానీ సినిమా సినిమాకీ మారేది అవి కాదు. భయపడేది ఎవరు, ఆ భయాన్ని మనం ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నాం, అదీ మారేది. ఆ మనిషిని పట్టుకున్నంతసేపూ సినిమా నిలబడుతుంది, వదిలేసిన చోట ఎంత మోత మోగించినా మనకి కాలు మీద కాలు వేసుకుని చూసే ధైర్యం వచ్చేస్తుంది.

మొదట ‘రాత్రి’. 1992, తెలుగులోనూ హిందీలోనూ తీసింది, హిందీలో పేరు ‘రాత్’. ‘శివ’ వచ్చి మూడేళ్ళు, ‘క్షణక్షణం’ వచ్చి ఏడాది, అంటే వర్మ చేతిలో పదును బాగా ఉన్న రోజులు. అమీర్‌పేటలో వీడియో క్యాసెట్ల షాపు నడిపిన మనిషి కదా, ఇంగ్లీషు దెయ్యం సినిమాలు ఎన్ని నమిలి మింగి ఉంటాడో ఇందులో కనిపిస్తుంది. కెమెరా పట్టింది తేజ, తర్వాత దర్శకుడయ్యాడే, ఆయనే. నేపథ్య సంగీతం మణిశర్మ, అప్పటికి ఆ పేరు బయట ఎవరికీ తెలియదు.

కథంటారా, చెప్పుకోడానికి ఏమీ లేదు. ఒక కుటుంబం కొత్త ఇంట్లోకి దిగుతుంది, కూతురికి (రేవతి) ఏదో పట్టుకుంటుంది, చివర్లో మంత్రగాడు (ఓం పురి) వస్తాడు. అంతే. కానీ ఆ ‘ఏదో’ మొదట ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఇంట్లో ఒక పిల్లిపిల్ల. అది కారు చక్రం కింద పడి చచ్చిపోతుంది. ఎవరి తప్పూ కాదు, కారు తీస్తుంటే జరిగింది. పెరట్లో గొయ్యి తీసి పాతిపెడతారు. తర్వాత అదే పిల్లిపిల్ల ఇంట్లో మళ్ళీ కనిపిస్తుంది. అరుపు లేదు, రక్తం లేదు, తెల్లచీర లేదు. చిన్న పిల్లి. అలా వచ్చి కూర్చుంటే మనకి కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టు ఉంటుంది, ఎందుకంటే దాన్ని పాతిపెట్టడం మనమూ చూశాం కదా. ఈ సీను అయిపోయాక మా బావ లేచి వెళ్ళి బాల్కనీ తలుపు వేసొచ్చాడు. అపార్ట్‌మెంట్‌లో తిరిగే పిల్లి ఒకటి మా బాల్కనీలోకి వస్తుంటుంది లెండి. నేనేమీ అనలేదు.

అలాగే సినిమా హాలు సీను. చుట్టూ జనం నిండిన హాలు, చూస్తుండగా ఒక్కరూ ఉండరు, ఖాళీ కుర్చీల మధ్య రేవతి ఒక్కతే. ఈ సీను గురించి వినని తెలుగువాడు ఉండడు, కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కటి గమనించండి. మనం కూడా ఆ సినిమాని హాల్లోనే కూర్చుని చూసేవాళ్ళం ఆ రోజుల్లో. తెర మీద హాలు ఖాళీ అయితే పక్కసీటు వైపు చూసుకోని వాడు ఎవడు? ఇప్పుడు సోఫాలో కూర్చుని ఫోన్లో చూస్తే ఆ సగం పోతుంది, అది సినిమా తప్పు కాదు.

రేవతి ఇందులో ఏం చేసిందో రాయడం కష్టం. దెయ్యం పట్టిన పిల్ల అంటే జుట్టు విరబోసుకుని ఊగడమే అనుకునే రోజుల్లో ఆవిడ ఊరికే చూస్తుంది. కన్ను ఆర్పకుండా. నేలకి ఆనుకుని పాకినట్టు కదిలే ఆ కెమెరా షాట్లు కూడా అందుకే పనిచేస్తాయి. వచ్చేదేదో ఈ పిల్ల కోసం వస్తోందని మనకి తెలుసు, ఈ పిల్ల అంటే మనకి ఇష్టం. ఇక లోపం ఎక్కడంటే, ఓం పురి దిగాక. మంత్రాలు, అరుపులు, కేకలు మొదలయ్యాక రేవతి పక్కనున్న మనల్ని లేపి మంత్రగాడి పక్కన కూర్చోబెడతాడు వర్మ. ఓం పురి ఎంత గొప్ప నటుడైనా ఆయన కోసం మనం భయపడం కదా. చివరి భాగంలో నేను రెండుసార్లు టైమ్ చూసుకున్నాను, దాచడం ఎందుకు.

బావ మెచ్చే ‘భూత్’ 2003లో వచ్చింది. పల్లె బంగళా లేదు, పాడుబడ్డ కోట లేదు, శ్మశానం లేదు. ముంబయిలో ఎత్తయిన అపార్ట్‌మెంట్, పన్నెండో అంతస్తులో ఫ్లాట్, అందులోకి దిగిన జంట అజయ్ దేవగణ్, ఊర్మిళ. ఇంతకుముందు ఆ ఫ్లాట్‌లో ఉన్నావిడ బాల్కనీలోంచి పడి చనిపోయిందని భర్తకి తెలుసు, భార్యకి చెప్పడు. అతనికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు, మంచి ఫ్లాట్ దొరికింది, వదులుకోవడం ఎందుకని. ఈ ఒక్క ముడితో వర్మ సగం పని కానిచ్చేశాడు. హైదరాబాద్‌లో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్ళు ఎవరైనా ఆ భర్తని అర్థం చేసుకుంటారు. అద్దె అందుబాటులో ఉంటే దెయ్యాన్ని కూడా సర్దుకుపొమ్మనేలా ఉంటుంది పరిస్థితి.

‘భూత్’లో పాటలు లేవు, దాంతో చెవులకి తప్పించుకునే దారి లేదు. లిఫ్ట్ శబ్దం, ఖాళీ వరండా, రాత్రి పూట పనిచేసే టీవీ. టీవీ స్పీకర్లో ఒకసారి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి చూశాను, రెండూ రెండు సినిమాల్లా ఉన్నాయి. సలీం-సులేమాన్ ఇచ్చిన నేపథ్య సంగీతం గోల చేసే చోట కన్నా, ఏమీ వినిపించని చోట ఎక్కువ భయపెడుతుంది, ఎందుకంటే ఇప్పుడో ఇంకాసేపటికో చెవి మీద ఏదో ఒకటి బాదుతాడని అప్పటికే మనకి అలవాటు చేసేశాడు. ఇది మోసం అనేవాళ్ళూ ఉన్నారు. హఠాత్తుగా ఢామ్మని మోగిస్తే ఎవడైనా ఉలిక్కిపడతాడు, అందులో గొప్పేముంది అని. కొంత నిజం. ‘భూత్’లో ఆ ఢామ్‌లు కాస్త ఎక్కువే. కానీ అవన్నీ తీసేసినా మిగిలేది ఒకటుంది.

అదేంటంటే, మొదటి సగంలో మనం ఊర్మిళతో పాటు భయపడతాం. ఎప్పుడు మారిందో తెలియకుండానే తర్వాత అజయ్ దేవగణ్‌తో పాటు ఊర్మిళని చూసి భయపడతాం. రాత్రి మెలకువ వచ్చి పక్కన తడిమితే భార్య లేదు. ఎక్కడుందో వెతకాలి, కనిపిస్తే ఏ మొహంతో కనిపిస్తుందో తెలియదు. ‘రాత్రి’లో లేని మలుపు ఇది. తోడుగా పడుకున్న మనిషే మనకి తెలియని మనిషి అయితే ఎలా? మా బావ దీని మీదే పట్టుబట్టాడు. "నీ రేవతికి బయటినుంచి ఏదో వచ్చిందిరా, ఈవిడ నా పక్కనే ఉంది" అన్నాడు. మా అక్క లోపల్నుంచి దగ్గింది.

సరే, ఊర్మిళ చేసింది చిన్న పని కాదు, ఫిలింఫేర్ వాళ్ళు క్రిటిక్స్ అవార్డు ఇచ్చారు ఆ ఏడాది. కానీ ‘భూత్’కి కూడా ‘రాత్రి’ జబ్బే ఉంది, ఇంకొంచెం ముదిరింది. ఇన్‌స్పెక్టర్‌గా నానా పటేకర్ వస్తాడు, డాక్టర్‌గా విక్టర్ బెనర్జీ, మంత్రగత్తెగా రేఖ. మంచి నటులే, కానీ ఆ ఇరుకు ఫ్లాట్‌లో ఇంతమంది చేరాక ఇంక భయానికి చోటెక్కడ? పైగా దెయ్యానికి ఒక అన్యాయం, ఆ అన్యాయానికి ఒక హంతకుడు, వాడికి ఒక శిక్ష. ఎప్పుడైతే దెయ్యం ఎందుకొచ్చిందో తెలిసిందో అప్పుడే అది పాపం అనిపిస్తుంది. పాపం అనిపించిన దెయ్యం ఇంక మనల్నేం చేస్తుంది?

ఇక అక్క తీర్పు. ‘కౌన్’ 1999లో వచ్చింది, ‘సత్య’ తర్వాతి ఏడాది. రాసింది అనురాగ్ కశ్యప్. ఒక ఇల్లు, బయట వాన, మనుషులు ముగ్గురు: ఊర్మిళ, మనోజ్ బాజ్‌పాయ్, సుశాంత్ సింగ్. టీవీలో ఊళ్ళో హంతకుడు తిరుగుతున్నాడని వార్త. కాసేపటికి బెల్లు మోగుతుంది. దెయ్యం సినిమాల లెక్కలో దీన్ని కలపొచ్చా అని బావ అభ్యంతరం చెప్పాడు, దెయ్యం ఉందో లేదో చూసేదాకా తెలియదు కదా అని అక్క కొట్టిపారేసింది. నేను అక్క వైపే.

ఇందులో దగ్గర్నుంచి చూడాల్సింది తలుపు సీను. మనోజ్ బాజ్‌పాయ్ బయట వానలో నిలబడి, ఎవరో మల్హోత్రాగారి ఇల్లు ఇదేనా అని అడుగుతాడు. కాదంటుంది. వెళ్ళడు. మళ్ళీ బెల్లు. మర్యాదగానే మాట్లాడతాడు, మాటకి ముందో మేడమ్, వెనకో మేడమ్, వాన తగ్గేదాకా కాసేపు లోపల కూర్చుంటానంటాడు. వాడి మర్యాదే విసుగు, ఆ విసుగే భయం. ఇలా సేల్స్‌మన్‌లా జిడ్డులా పట్టుకునే మనిషిని మనందరం గుమ్మంలో చూసినవాళ్ళమే, తలుపు మొహం మీద వేయలేక, తీయలేక. లోపల ఊర్మిళకి కన్ను నుంచి కాలి వేలి దాకా అంతా వణుకే. తాడుని చూసి పాము అనుకుంటోందో, పామునే తాడు అనుకుంటోందో మనకి తెలియదు. ఈవిడ పేరు కూడా చెప్పడు సినిమాలో. పాటలు లేవు, గంటన్నరలో అయిపోతుంది. వర్మ సినిమాల్లో ఒక్క సీను కూడా అనవసరం కానిది ఇదొక్కటేనేమో.

ఇందులో మనం ఎవరి పక్కన కూర్చున్నాం అన్న ప్రశ్నతోనే ఆట ఆడతాడు, అంతకంటే చెప్పకూడదు. రెండోసారి చూస్తే మొదటి పది నిమిషాలూ వేరే సినిమా. కానీ మూడోసారి? మూడోసారి చూస్తుంటే నాకు భయం లేదు, మెచ్చుకోలు మాత్రమే ఉంది. ‘రాత్రి’లో పిల్లి ఎన్నోసారైనా పనిచేస్తుంది. అక్కకి ఈ మాట చెప్తే "నువ్వు పిల్లికి భయపడే రకంరా" అంది.

‘ఫూంక్’ (2008) దగ్గరికి వచ్చేసరికి భయం తండ్రి చేతికి వచ్చింది. సుదీప్ దేవుణ్ణి నమ్మని మనిషి, కూతురికి చేతబడి అవుతుంది, డాక్టర్ల చుట్టూ తిరుగుతాడు, చివరికి తను నమ్మనివాడి గడపే తొక్కుతాడు. ఆలోచన బలమైనది. మన ఊళ్ళల్లో చేతబడి అన్న మాటకి ఎంత బరువుందో తెలిసిందే, దాని పేరున మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు ఇప్పటికీ చదువుతున్నాం, అందుకే ఈ సినిమా తేల్చిన తీరు నాకు నచ్చలేదు కూడా. చిన్నపిల్ల అహ్సాస్ చన్నా మగగొంతుతో మాట్లాడే చోట నిజంగా ఒళ్ళు జలదరిస్తుంది. అశ్విని కల్సేకర్ నవ్వితే ఇంకా. కానీ కాకి, బొమ్మలు, విగ్రహాలు, మళ్ళీ కాకి. కెమెరా ప్రతిదాని కిందా దూరి, ప్రతిదాని వెనకా నక్కి చూస్తుంటుంది, అక్కడ ఎవరూ లేకపోయినా. హాల్లో ఒక్కడే కూర్చుని చూసినవాడికి 5 లక్షలు ఇస్తానని అప్పట్లో వర్మ ఊదరగొట్టాడు గుర్తుందా? ఆ ప్రకటన సినిమా కంటే భయంగా ఉండేది. తెలుగులో జగపతిబాబుతో ‘రక్ష’గా వచ్చింది, అది వేరే దర్శకుడిది కాబట్టి ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాతవి త్వరగా చెప్పేస్తాను. ‘అజ్ఞాత్’, మనకి ‘అడవి’ (2009), నితిన్, ప్రియాంకా కొఠారి. షూటింగ్ బృందం అడవిలో చిక్కుకుంటుంది, చంపేది ఏమిటో చివరిదాకా చూపించడు. చూపించకపోవడం మంచి పద్ధతే, కానీ చచ్చేవాళ్ళలో ఒక్కడి కోసమైనా మనకి బాధ కలగాలి కదా. 2012లో త్రీడీలో ‘భూత్ రిటర్న్స్’, మనీషా కొయిరాలా ఉన్నా లాభం లేకపోయింది. 2014లో ‘ఐస్‌క్రీమ్’, నవదీప్, తేజస్వి, కొత్త రకం కెమెరా పద్ధతి అని బోలెడు చెప్పారు. నిజంగానే కెమెరా ఇల్లంతా తేలుతూ తిరుగుతుంది. తిరిగేది ఎవరు, ఎవరి కోసం అంటే సమాధానం లేదు. కెమెరా తనే దెయ్యం అయిపోయింది, భయపడే మనిషిని పెట్టడం మర్చిపోయారు. బావ పదిహేను నిమిషాలకే నిద్రపోయాడు. నేను పూర్తిగా చూశాను, మొండితనం.

‘దెయ్యం’ (1996) గురించి అడుగుతారు. జె.డి. చక్రవర్తి, మహేశ్వరి, జయసుధ. చిన్నప్పుడు టీవీలో వస్తే దుప్పటి కప్పుకుని చూసిన సినిమా. ఆ గుర్తు చెడగొట్టుకోవడం ఇష్టం లేక మళ్ళీ చూడలేదు, ఇది పక్షపాతమే.

కాబట్టి లెక్క ఇది. ఒక్కసారే చూసేవాళ్ళకి, అందులోనూ కథ ఎవరూ ముందే చెప్పకపోతే, ‘కౌన్’ని మించింది లేదు. మంచి హెడ్‌ఫోన్స్ ఉండి, అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవాళ్ళకి ‘భూత్’, ఇంటర్వెల్ దాకా మాత్రం ఎదురు లేదు. ‘ఫూంక్’ సుదీప్ కోసం, ఆ పాప కోసం చూడొచ్చు. నా ఓటు మాత్రం ‘రాత్రి’కే, చివరి భాగం ఎంత చప్పబడినా సరే. ఆ పిల్లిపిల్ల తిరిగి రావడానికి కారణం ఏమిటో సినిమా చివర్లో ఎంత వివరించినా అది వచ్చి కూర్చున్న క్షణం వివరాలకి లొంగదు.

బావ ఒప్పుకోలేదు. మర్నాడు బస్సుకి వెళ్తూ కూడా ‘భూత్’ అనే అన్నాడు, మా ఐదో అంతస్తు నుంచి సూట్‌కేసు మోసుకుంటూ మెట్ల మీదుగా దిగుతూ. లిఫ్ట్ పనిచేస్తూనే ఉంది.