టెక్సస్ ఎల్‌సీడీసీలూ, ఆ 40 గంటల బండిల్ జోలికి పోకండి

ఎల్‌సీడీసీ, అంటే మత్తు వ్యసనాల కౌన్సెలర్ లైసెన్స్ రెన్యువల్ దగ్గరపడినవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. పేరు రాయను. డిస్కౌంట్ కోడ్‌తో వారం వారం మన ఇన్‌బాక్సుల్లో పడే ఆ ప్రకటన ఎవరిదో మీకు తెలిసే ఉంటుంది.

రెన్యువల్‌కి రెండేళ్ళకోసారి 40 గంటల కోర్సులు, అందులో ఎథిక్స్ వగైరా, ఆ తంతు మీకు కొత్తేం కాదు. ఆ బండిల్ పేజీ మీద నాడాక్ (వ్యసనాల కౌన్సెలర్ల జాతీయ సంఘం) ఆమోదం ఉందని ఇంత పెద్ద లోగో. 199 డాలర్లు కట్టి, రాత్రిళ్ళు పిల్లలు పడుకున్నాక కూర్చుని అన్నీ పూర్తిచేశాను. చివర్లో మానవ అక్రమ రవాణా కోర్సుకి ఇంకో 29 డాలర్లు గుంజారు. అది లేకపోతే రెన్యువల్ అవ్వదని ఎర్రక్షరాలతో బెదిరింపు. ఆ మాట వరకు నిజమే లెండి, పేషెంట్లను నేరుగా చూసేవాళ్ళందరికీ 2020 నుంచి అది తప్పనిసరి. కానీ హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్ ఆమోదించిన కోర్సే చెల్లుతుంది. ఆ జాబితాలో పైసా కట్టక్కర్లేనిది కూడా ఉంది. వీళ్ళ కోర్సు మాత్రం అందులో లేదు!

అనుమానం వచ్చి సర్టిఫికెట్ తెరిచి చూస్తే, నాడాక్ ఇచ్చే ప్రొవైడర్ నంబర్ ఉండాల్సిన చోట ఒక గీత. గీతేనండీ, అంతే. చాట్‌లో అడిగితే "మా ఆమోదం ప్రస్తుతం రెన్యువల్‌లో ఉంది" అన్నారు. మన రెన్యువల్‌కి కోర్సులు అమ్మేవాళ్ళకే రెన్యువల్ లేదు, ఎంత ముచ్చట! మరి లోగో ఎందుకుంచారంటే అది మార్కెటింగ్ వాళ్ళ పనట. డబ్బు వెనక్కివ్వమంటే క్లాసులన్నీ చూసేశారు కాబట్టి కుదరదట. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ రాష్ట్రంలో చెల్లుతుందో లేదో చూసుకోవడం ప్రొఫెషనల్‌గా మీ బాధ్యత. ఎథిక్స్ మాడ్యూల్లో మీరు చదివే ఉంటారు" అని టైప్ చేసి చాట్ మూసేశారు. ఆ వెంటనే మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారని ఒక పెట్టె!

ఒళ్ళు మండిపోయింది. కోపాన్ని ఎలా పట్టుకోవాలో రోజూ పదిమందికి చెప్పేదాన్ని, ఫోన్ విసిరికొట్టలేదు, అదొక్కటే తక్కువ. క్లయింట్ ఒక్క మాట దాచినా పసిగట్టేస్తానని గొప్ప నాకు. ఇక్కడ లోగో చూసి బోల్తా పడ్డాను.

ఇప్పుడు గంటలన్నీ మళ్ళీ మొదటినుంచి. లైసెన్స్ గడువు దాటితే ఒక్క సెషన్ కూడా చెయ్యకూడదు. మత్తు మానేసి నిలదొక్కుకుంటున్న మనిషి, మధ్యలో ఇంకో కౌన్సెలర్ ఎదుట కూర్చుని తన కథంతా మళ్ళీ చెప్పుకోవాలంటే ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా? అదే నా అసలు టెన్షన్.

కొనేముందు నాడాక్ సైట్లో ప్రొవైడర్ల జాబితా మీరే చూసుకోండి, వాళ్ళ లోగోని నమ్మకండి. సర్టిఫికెట్ నమూనా పంపమని అడగండి. క్రెడిట్ కార్డుతోనే కట్టండి. నేను బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టాను, ఇంకా తేలలేదు. ఈ బండిల్ ఇప్పటికే కొన్నవాళ్ళుంటే మీ సర్టిఫికెట్లో నంబర్ ఉందో లేదో ఈ రాత్రే చూసి చెప్పండి, అందరం కలిసి ఫిర్యాదు పెడదాం.